సైకిల్ సీటు వెనుక ఇంజనీరింగు

మా ఉత్తర వర్జీనియాలో డబ్ల్యూ అండ్ ఓడీ అని ఒక బాట ఉంది. ఒకప్పుడు రైలు నడిచిన దారి. పట్టాలు తీసేసి తారు వేశారు. ఆర్లింగ్టన్‌లో మొదలై పర్సెల్‌విల్ దాకా 45 మైళ్ళు. శనివారం పొద్దున ఆష్‌బర్న్ దగ్గర కాసేపు నిలబడితే తెలుగు మాట చెవిన పడకుండా ఉండదు. కానీ వేసవి మొదట్లో కొత్త సైకిళ్ళతో ఉత్సాహంగా కనిపించిన మనవాళ్ళలో చాలామంది ఆగస్టు వచ్చేసరికి కనిపించరు. కారణం అడిగితే ముందు "పని ఒత్తిడి" అంటారు. ఇంకాస్త చనువుగా అడిగితే అసలు సంగతి బయటపడుతుంది: "కాళ్ళకేం కాలేదండీ, కూర్చోలేకపోతున్నాను."

ఈ సంగతి ఎవరూ నలుగురిలో మాట్లాడరు. మోకాలు నొప్పంటే పదిమంది సలహా చెబుతారు. ఇది మాత్రం సిగ్గుతో ఎవరికి వారే దాచుకునే బాధ. అందుకే ఈసారి దీని గురించి కాస్త సూటిగా మాట్లాడుకుందాం.

నొప్పి వేరు, తిమ్మిరి వేరు

మన కటి ఎముకకి అడుగున రెండు బుడిపెలుంటాయి. చెక్క బల్ల మీద కూర్చుంటే గట్టిగా తగిలేవి అవే. బరువు మోయడానికి ప్రకృతి ఇచ్చిన పునాదులవి. ఆ రెంటి మధ్య, కొంచెం ముందుకి ఉన్న మెత్తని భాగం అలా కాదు. జననాంగాలకి వెళ్ళే నరాలు, రక్తనాళాలు అక్కడినుంచే పోతాయి. మంచి సీటు బరువంతా ఎముకల మీద వేస్తుంది. చెడ్డ సీటు మధ్యలో ఒత్తుతుంది.

కొత్తలో ఎముకల దగ్గర నొప్పి పుట్టడం సహజం. రెండు మూడు వారాల్లో అలవాటవుతుంది. తిమ్మిరి మాత్రం అలవాటు చేసుకోవలసింది కాదు. అది నరం నొక్కుకుంటోందని చెప్పే ఎర్రర్ మెసేజ్. మగవాళ్ళకే కాదు, ఆడవాళ్ళకీ ఈ ఒత్తిడితో తిమ్మిరి, వాపు వస్తాయి. సైకిల్ దిగాక కూడా తిమ్మిరి తగ్గకపోతే మొహమాటపడకుండా డాక్టర్‌కి చెప్పండి.

ఇది ఊరికే భయపెట్టడం కాదు. పనిచేసే చోట ఆరోగ్య భద్రతని పరిశోధించే అమెరికా ప్రభుత్వ సంస్థ నియాష్, సైకిళ్ళ మీద గస్తీ తిరిగే 90 మంది పోలీసులకి ముందు ముక్కు లేని సీట్లు ఇచ్చి ఆరు నెలలు చూసింది. ఆ మెత్తని భాగం మీద ఒత్తిడి మూడింట రెండు వంతులు తగ్గింది. తిమ్మిరి ఫిర్యాదులూ బాగా తగ్గాయి. 2008లో ఈ ఫలితాలు ప్రచురించారు.

మెత్తగా ఉంటే హాయిగా ఉంటుందా?

కొట్లో బొటనవేలితో నొక్కి చూసి మెత్తని సీటు కొనడం మనలో చాలామంది చేసే పని. పది నిమిషాలకి హాయిగానే ఉంటుంది. గంట దాటాక ఎముకలు ఆ జెల్‌లోకి దిగబడతాయి. పక్కకి జరిగిన జెల్ మధ్యలో పైకి పొంగి, ఎక్కడ తగలకూడదో సరిగ్గా అక్కడే ఒత్తుతుంది. కాబట్టి దూరాలకి కాస్త గట్టి సీటే సుఖం.

"మరి చిన్నప్పుడు ఊళ్ళో గంటకింతని అద్దెకి తెచ్చుకున్న సైకిల్‌కి ఇంత వెడల్పు సీటు, కింద స్ప్రింగులు ఉండేవి కదా, ఎంత బాగుండేది!" అని మీరనవచ్చు. నిజమే. ఆ సైకిల్ మీద నిటారుగా కూర్చుంటాం. బరువు దాదాపు అంతా సీటు మీదే ఉంటుంది కనక వెడల్పూ స్ప్రింగులూ అవసరం. వంపు హ్యాండిల్ ఉన్న రోడ్ బైక్ మీద ముందుకి వంగుతాం. బరువులో కొంత చేతులకి, కొంత పెడల్స్‌కి పోతుంది. అక్కడ వెడల్పు సీటు పెడితే తొడలు ఒరుసుకుపోతాయి. సీటు మంచిదా కాదా అన్నది మీరు కూర్చునే తీరుని బట్టి తేలుతుంది.

అట్టముక్కతో కొలత

మా వృత్తిలో రిక్వైర్‌మెంట్స్ రాసుకోకుండా కోడ్ మొదలెట్టరు. ఇక్కడ రిక్వైర్‌మెంట్ మీ ఎముకల మధ్య దూరం. ఏ ఇంట్లోనూ కరువులేని డెలివరీ పెట్టె అట్ట ఒకటి తీసుకోండి. గట్టి మెట్టు మీద పరిచి, పల్చటి నిక్కరుతో కూర్చోండి. మడమలు ఎత్తి, కొంచెం ముందుకి వంగి, అరనిమిషం అలాగే ఉండండి. లేచి చూస్తే రెండు గుంటలు కనిపిస్తాయి. సుద్దతో రుద్దితే ఇంకా స్పష్టంగా తెలుస్తాయి. వాటి నడిమి నుంచి నడిమికి కొలవండి. మూడుసార్లు చేసి సగటు తీసుకోండి.

సీటు అంచులు కిందకి వంగి ఉంటాయి కనక, ఆ కొలతకి 20 నుంచి 30 మిల్లీమీటర్లు కలిపితే సీటు వెడల్పు సుమారుగా వస్తుంది. నా కొలత 118. నాకు 143 మిల్లీమీటర్ల సీటు కుదిరింది. మనిషి లావుకీ ఈ కొలతకీ సంబంధం లేదు. ఆడవాళ్ళకి సగటున ఇది కొంచెం ఎక్కువ.

ఏ రకం?

నడుమ గాడి గానీ కోత గానీ ఉన్నవి మెత్తని భాగానికి ఊపిరి ఆడనిస్తాయి. బాగా ముందుకి వంగి తొక్కేవారికి పొట్టి ముక్కు సీట్లు నయం. 1866లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో మొదలైన బ్రూక్స్ వారి తోలు సీట్లకి ఇప్పటికీ వీరాభిమానులున్నారు. వాటిలో దూదీ జెల్లూ ఉండవు. తోలుని ముందుకీ వెనక్కీ లాగి కట్టిన ఉయ్యాల అన్న మాట. కొన్ని వందల మైళ్ళు తొక్కితే మన ఒంటికి తగ్గట్టు సాగుతుంది. బరువెక్కువ, వానలో తడవనివ్వకూడదు. 2020 నుంచి స్పెషలైజ్డ్, ఫిజిక్ కంపెనీలు త్రీడీ ప్రింటింగ్‌తో తేనెపట్టులాంటి సీట్లు అమ్ముతున్నాయి. ఎక్కడ మెత్తగా, ఎక్కడ గట్టిగా ఉండాలో గది గదికీ మార్చగలగడం వీటి గొప్ప. ధర కూడా గొప్పదే. కొలత తప్పితే మాత్రం ఎంత ఖరీదైనదీ అక్కరకు రాదు.

బిగించడంలోనే ఉంది కిటుకు

సీటు మార్చే ముందు ఉన్న సీటే సరిగ్గా బిగించారా అని చూడండి. ఎత్తు ఎక్కువైతే ప్రతి తొక్కుకీ నడుము అటూ ఇటూ ఊగి ఒరుపు పుడుతుంది. తొడల సందు నుంచి నేల దాకా కొలిచి 0.883తో గుణించండి. గ్రెగ్ లెమాండ్ పేరుతో ప్రసిద్ధమైన సూత్రం ఇది. 80 సెంటీమీటర్లుంటే 70.6 వస్తుంది. పెడల్ ఇరుసు మధ్య నుంచి సీటు పైదాకా అంత ఎత్తుతో మొదలుపెట్టండి. ఇక్కడ ఇరుసంటే రెండు పెడల్ కాడలూ తిరిగే నడిమి ఇరుసు, పాదం కింద ఉండేది కాదు. సీటు నేలకి సమాంతరంగా ఉంచండి. ముక్కు పైకి లేస్తే తిమ్మిరి, మరీ కిందకి దిగితే ముందుకి జారి చేతులు నొప్పి.

డీబగ్గింగ్ సూత్రమే ఇక్కడా వర్తిస్తుంది. ఒకసారి ఒక్కటే మార్చండి, అదీ రెండు మూడు మిల్లీమీటర్లు. పాత చోట టేపు ముక్కతో గుర్తు పెట్టుకోండి. కనీసం 20 మైళ్ళు తొక్కాక గానీ తీర్పు చెప్పకండి.

చివరగా రెండు మాటలు. ప్యాడ్ ఉన్న సైక్లింగ్ షార్ట్స్ లోపల ఇంకేమీ వేసుకోకూడదు. లోదుస్తుల కుట్లే పుండు పెడతాయి. పది, పదిహేను నిమిషాలకోసారి పెడల్స్ మీద లేచి నిలబడి రక్తం ఆడనివ్వండి. చాలా దుకాణాలు సీటు కొన్ని వారాలు వాడి చూసి తిరిగి ఇవ్వనిస్తాయి. కొనే ముందే ఆ మాట అడిగి, రసీదు దాచుకోండి. మీ సైకిల్ గరాజ్‌లో కొక్కేనికి వేలాడుతోందంటే తప్పు మీ ఒంటిది కాకపోవచ్చు. ఈ వారాంతం ఒక అట్టముక్క వెతకండి.