శ్రీసిటీలో చిన్న నెట్‌వర్కులు

పేగు క్యాన్సర్ అనుమానం వస్తే డాక్టర్లు ముక్క తీసి పరీక్షకు పంపుతారు. ఆ ముక్కను పలుచటి పొరగా కోసి, గాజు పలక మీద పరిచి రంగులు అద్దుతారు. కణకేంద్రకాలు ఊదారంగుకు తిరుగుతాయి, చుట్టూ ఉన్నదంతా గులాబీ రంగులో నిలుస్తుంది. ఏ కేంద్రకం ఏ రకం కణానిదో తేల్చడం పాథాలజిస్టు పని. ఈ పనిని కంప్యూటరుకు నేర్పే ఒక పద్ధతి తడకు పడమట, సత్యవేడు దారిలోని శ్రీసిటీ ట్రిపుల్ ఐటీ కంప్యూటర్ సైన్స్ విభాగం నుంచి 2018లో వచ్చింది. కేంద్రం, రాష్ట్రం, పరిశ్రమలు కలిసి 2013లో మొదలుపెట్టిన ఆ సంస్థకు అప్పటికి అయిదేళ్లు.

ఆ పద్ధతి పేరు ఆర్‌సీసీనెట్. షబ్బీర్ బాషా, పులబైగారి విశ్వనాథ్, శివరామ్ దూబే, స్నేహాసిస్ ముఖర్జీ తదితరులు దీన్ని తయారుచేసి సింగపూర్‌లో జరిగిన ఒక సదస్సులో వివరించారు. శిక్షణకు వాడినవి పరిశోధకులందరికీ అందుబాటులో ఉన్న 22,444 కేంద్రకాల బొమ్మలు. ఒక్కో బొమ్మ అడ్డంగా 32, నిలువుగా 32 చుక్కలు, అంతే. పెద్దది చేసి చూస్తే గులాబీ నేపథ్యంలో ఒక ఊదా మచ్చ, దాని చుట్టూ చెదిరిన అంచు. అది పేగు లోపలి పొర కణమా, వాపు వచ్చినచోట చేరే రక్షక కణమా, కణజాలానికి నారలల్లే ఫైబ్రోబ్లాస్టా, ఈ మూడూ కాని మరొకటా అన్నది నెట్‌వర్కు చెప్పాలి.

న్యూరల్ నెట్‌వర్కు అంటే పొరలు పొరలుగా పేర్చిన లెక్కల వరస. మొదటి పొరలు అంచులను, రంగు మార్పులను పట్టుకుంటాయి. పై పొరలు వాటిని కలిపి ఆకారాలను గుర్తిస్తాయి. శిక్షణలో సరిదిద్దుకుంటూ పోయే సంఖ్యలను పారామీటర్లు అంటారు. 2012లో సంచలనం సృష్టించిన అలెక్స్‌నెట్‌లో అవి సుమారు 6 కోట్లు. ఆర్‌సీసీనెట్‌లో 15,12,868 మాత్రమే. ఈ పొదుపే దాని అసలు ఘనత. బొమ్మలు తక్కువగా ఉన్నప్పుడు పెద్ద నెట్‌వర్కు పాఠాన్ని అర్థం చేసుకోకుండా బట్టీ పట్టేస్తుంది, కొత్త బొమ్మ చూపిస్తే తడబడుతుంది. చిన్నదానికి ఆ ప్రమాదం తక్కువ, శిక్షణ సమయమూ తక్కువే. సాధించిన కచ్చితత్వం 80.61 శాతం. అంటే అయిదింటిలో దాదాపు ఒకటి తప్పు. డాక్టరుకు తోడుగా నిలిచే పనిముట్టుకు ఇది మంచి ఆరంభమే కాని, డాక్టరు స్థానంలో కూర్చోబెట్టే స్థాయి కాదు.

నెట్‌వర్కు చివర ప్రతి కణుపూ (నోడ్) ముందు పొరలోని ప్రతి కణుపుతో ముడిపడే పొరలు ఉంటాయి. పారామీటర్లలో పెద్ద వాటాను అవే మింగుతాయి. వాటిని ఎంతవరకు తగ్గించవచ్చో ఇదే బృందం 2020లో పరీక్షించి చూపింది. లోతు తక్కువ ఉన్న నెట్‌వర్కుకు చివరి పొరల్లో కణుపులు ఎక్కువ కావాలి, లోతైనదానికి కొద్దిపాటివి చాలు. అంతకుముందు ఎన్ని కణుపులు పెట్టాలన్నది చాలావరకు అలవాటు మీద, అంచనా మీద సాగిన వ్యవహారం.

శ్రీసిటీ పరిశోధకులు ఇతర సంస్థలతో కలిసి చేసిన పనుల్లో రెండు దూరం వెళ్లాయి. ఒకటి హైబ్రిడ్‌ఎస్‌ఎన్. వందల రంగుపట్టీల్లో తీసిన ఉపగ్రహ, విమాన చిత్రాల్లో ఏది ఏ పంటో, ఏది అడవో విడదీసే నెట్‌వర్కు అది. రెండోది శిక్షణ పద్ధతికే సంబంధించిన డిఫ్‌గ్రాడ్.

చీకటి పడ్డాక శ్రీసిటీకి దగ్గర్లోని ఉబ్బలమడుగు కొండ దిగుతున్న మనిషిని ఊహించుకుంటే డిఫ్‌గ్రాడ్ సులువుగా అర్థమవుతుంది. దారి కనబడదు, కాలికి తగిలే వాలే ఆధారం. నెట్‌వర్కు శిక్షణ కూడా ఇలాగే తప్పుల కొండ మీంచి లోయలోకి దిగడం. అడుగు మరీ చిన్నదైతే ఎప్పటికీ చేరదు, పెద్దదైతే లోయ దాటి అవతలి గట్టెక్కేస్తుంది. 2014 నుంచి అందరూ వాడుతున్న ఆడమ్ పద్ధతి ఇంతవరకు తగిలిన వాలుల సగటు చూసుకుని అడుగు వేస్తుంది. డిఫ్‌గ్రాడ్ మరొకటి కూడా చూస్తుంది. నిన్నమొన్నటి అడుగులన్నీ అలా ఉంచి, సరిగ్గా ముందటి అడుగులో తగిలిన వాలుకూ ఇప్పటి వాలుకూ తేడా ఎంత? తేడా బాగా ఉంటే దిగాల్సింది ఇంకా ఉందని నిండు అడుగు వేస్తుంది. తేడా కనబడకపోతే లోయ అట్టడుగు దగ్గరపడిందని అడుగును సగం దాకా కుదిస్తుంది. సూత్రంలో చేరింది ఒక్క గుణకం. దాని విలువ సగానికీ ఒకటికీ మధ్య తిరుగుతుంది.

ఈ పద్ధతి వివరాలు 2020లో ఐట్రిపుల్‌ఈ పత్రికలో అచ్చయ్యాయి. ప్రోగ్రామును రచయితలు ఎవరైనా వాడుకునేలా బయటపెట్టారు. నెట్‌వర్కులు కట్టడానికి వాడే పైటార్చ్ అనే సాధనంతో పనిచేసేవారి కోసం వేరేవాళ్లు కూర్చిన శిక్షణ పద్ధతుల సంకలనంలోనూ డిఫ్‌గ్రాడ్ చేరింది.