అమ్మమ్మ కంప్యూటరుకు వైద్యం

పిల్లలూ! సూర్యాపేటలో మా యింట్లో ఒక ముసలి కంప్యూటరు ఉన్నది. ముసలిదంటే వయసు మరీ ఎక్కువేమీ కాదు. 2014లో, అంటే తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన ఏడాదిలోనే దాన్ని కొన్నాము. మనుషుల లెక్కన అది ఇంకా మీ ఈడుదే. కాని కంప్యూటర్ల లోకంలో పదేళ్లు దాటితే తాతల కిందే లెక్క!

ఆ కంప్యూటరు నాది కాదు, మా ఇంటావిడది. ఆమె కూడా నాలాగే బడిలో పాఠాలు చెప్పి రిటైరయింది. ఊరి పక్క దురాజుపల్లిలో రెండేళ్లకొకసారి పెద్దగట్టు జాతర జరుగుతుంది కదా? ఆ జాతరను, పిల్లలమర్రిలో కాకతీయుల కాలంనాటి గుళ్లను ఆమె ఫోనుతో వీడియో తీసి, కంప్యూటరులో ముక్కలు కత్తిరించి, అతికించి, బడిపిల్లలకు చూపిస్తుంది. అన్నిటికన్నా విలువైనది ఇంకొకటి ఉన్నది. ఆమె తల్లి బతికుండగా పాడిన బతుకమ్మ పాటలు పదకొండు అందులో ఉన్నాయి. ఆ పెద్దావిడ ఇప్పుడు లేదు.

రెండేళ్లుగా ఆ కంప్యూటరు మొరాయించసాగింది. పొద్దున మీట నొక్కి, వంటింట్లోకి పోయి టీ కాచుకుని వచ్చినా, తెర మీద ఇంకా చక్రం తిరుగుతూనే ఉండేది. వీడియో అతికించబోతే బొమ్మ ఆగి ఆగి నడిచేది.

ఎండాకాలం సెలవులకు కోదాడ నుంచి మా మనవడు వచ్చాడు. వాడు కంప్యూటరులో మైన్‌క్రాఫ్ట్ ఆట ఆడబోయాడు. ఆట మొదలుకాగానే కంప్యూటరు కొయ్యబారిపోయింది.

"తాతయ్యా, దీనికి గ్రాఫిక్స్ కార్డు లేదు. అది వేస్తే అమ్మమ్మ వీడియోలూ నడుస్తాయి, నా ఆటా నడుస్తుంది," అన్నాడు వాడు.

నాకూ నిజమేననిపించింది. ఎవరినీ విచారించకుండా పోయి ఒక కార్డు కొనుక్కొచ్చాను. పెట్టె విప్పి చూద్దుము గదా, ఆ కార్డుకు విడిగా కరెంటు తీగె తగిలించాలి! మా పెట్టెలో అటువంటి తీగె లేనే లేదు. కార్డు బీరువా ఎక్కింది. మా ఇంటావిడ ఏమీ అనలేదు. ఒక్క నవ్వు నవ్వి ఊరుకున్నది. ముప్పై ఏళ్లు పిల్లలకు లెక్కలు చెప్పినవాణ్ణి, ఆ నవ్వుకు నేను సిగ్గుపడ్డాను.

తరువాతి వారం ఒక పెళ్లికి మిర్యాలగూడ పోవలసివచ్చింది. సాగరు ఎడమ కాలువ నీళ్లతో పండే వడ్లూ, ఆ వడ్లను ఆడే రైసు మిల్లులూ ఆ ఊరికి పేరు తెచ్చాయి. నా దగ్గర చదువుకున్న ఒకతను అక్కడ ఉప్పుడు బియ్యం మిల్లు నడుపుతున్నాడు. "సార్, రండి చూద్దురుగాని," అని తీసుకుపోయాడు.

ఉప్పుడు బియ్యం ఎట్లా చేస్తారో మీకు తెలుసునా? ముందు వడ్లను నానబెడతారు. ఆవిరి మీద ఉడికిస్తారు. ఆరబెడతారు. ఆ తరువాతనే పొట్టు తీస్తారు. మా శిష్యుడు పొట్టు తీసే యంత్రం కొత్తది, పెద్దది కొన్నాడట. కాని బియ్యం ఒక్క బస్తా కూడా ఎక్కువ రాలేదట!

"ఎందుకు రాలేదు?" అని అడిగాను.

"వడ్లను ఆరబెట్టే డ్రయ్యరు చిన్నది, సార్. ఎంత పెద్ద యంత్రం పెడితే ఏం లాభం? ఆరిన వడ్లు వస్తేనే గదా అది ఆడేది! యంత్రం ఉత్తగా కూర్చునేది. డ్రయ్యరు మార్చాక మిల్లు దానంతటదే పరుగెత్తింది," అన్నాడు.

నా కళ్లు తెరుచుకున్నాయి. ఒక్కొక్క పనీ ఒకదాని వెనక ఒకటి జరిగేచోట, అన్నిటికన్నా ఇరుకైన చోటు ఏదో అదే మొత్తం వేగాన్ని నిర్ణయిస్తుంది. ఇరుకును వదిలి మరెక్కడ డబ్బు పోసినా ఆ డబ్బు వృథా. మా కంప్యూటరు ఇరుకు ఎక్కడున్నదో చూడకుండానే నేను కార్డు కొన్నానన్నమాట!

ఇంటికి రాగానే మనవడూ నేనూ పరీక్ష మొదలుపెట్టాము. విండోసు కంప్యూటరులో కంట్రోలు, షిఫ్టు, ఎస్కేప్ అనే మూడు మీటలు ఒకేసారి నొక్కితే టాస్క్ మేనేజర్ అనే పట్టిక తెరుచుకుంటుంది. ఏ భాగం నూటికి ఎంత పనిచేస్తున్నదో అది చూపుతుంది. డాక్టరు నాడి పట్టినట్టు, వీడియో అతికిస్తూ ఆ పట్టిక చూశాము. మనవడు అంకెలు కాగితం మీద రాశాడు: ప్రాసెసరు 40, మెమరీ 96, హార్డు డిస్కు 100.

ఈ మూడూ ఏమిటో చెబుతాను, వినండి.

లెక్కలు చేసేది ప్రాసెసరు. చేస్తున్న పనికి కావలసిన కాగితాలు పరుచుకునే బల్ల మెమరీ. దీనినే ర్యామ్ అంటారు. మిగతా కాగితాలన్నీ దాచే బీరువా హార్డు డిస్కు. బల్ల చిన్నదైతే ఏమవుతుంది? ఒక్కొక్క కాగితానికీ లేచి బీరువా దగ్గరికి పోవాలి. మా కంప్యూటరు బల్ల 4 గిగాబైట్లే. అందుచేత ప్రాసెసరు చేతులు కట్టుకుని కూర్చునేది, బీరువా తలుపు మాత్రం తెరుస్తూ మూస్తూ ఉండేది.

ఆ బీరువా కూడా పాతకాలపుది. హార్డు డిస్కులో అద్దంలాంటి పళ్లెం నిమిషానికి 7,200 సార్లు గిర్రున తిరుగుతుంది. దాని మీద ఒక చిన్న చెయ్యి అటూ ఇటూ కదిలి, కావలసిన చోటు వెతికి చదువుతుంది. వెతకడానికే కాలమంతా పోతుంది. కొత్తరకం ఎస్.ఎస్.డి.లో తిరిగే పళ్లెమూ లేదు, కదిలే చెయ్యీ లేదు. అంతా విద్యుత్తుతోనే జరుగుతుంది. అందుకే దానికి అంత వేగం.

వీడియో అంటే కంప్యూటరుకు ఎంత బరువో తెలుసునా? పలక తెచ్చుకోండి, లెక్క వేద్దాము. ఫుల్ హెచ్.డి. బొమ్మలో అడ్డంగా 1,920, నిలువుగా 1,080 చుక్కలు ఉంటాయి. గుణిస్తే 20,73,600 చుక్కలు. ఒక్కొక్క చుక్క రంగుకు 3 బైట్లు. సెకనుకు 30 బొమ్మలు. మొత్తం గుణిస్తే సెకనుకు 18,66,24,000 బైట్లు! ఫోను దీన్ని మడతలు పెట్టి చిన్న మూటగా కట్టి దాస్తుంది. అతికించేటప్పుడు కంప్యూటరు ఆ మూట విప్పి, మళ్లీ కట్టాలి. పాపం, ముసలి కంప్యూటరు ఆయాసపడిందంటే పడదా?

మరి గ్రాఫిక్స్ కార్డు ఎందుకు? ప్రాసెసరు ఎంత కష్టమైన లెక్కనైనా చేయగల పంతులుగారి వంటిది. గ్రాఫిక్స్ కార్డు వెయ్యిమంది పిల్లలున్న బడి వంటిది. ఒక్కొక్కరు చిన్న లెక్కే చేస్తారు, కాని అందరూ ఒక్కసారిగా చేస్తారు. లక్షల చుక్కలకు రంగులు వేయాలంటే పంతులుగారికన్నా బడే మేలు. ఆటలకు ఇది ముఖ్యం. కాని బడికి అన్నం పెట్టాలి గదా! బోర్డు మీద కార్డును గుచ్చే చోటు నుంచి 75 వాట్ల కరెంటే అందుతుంది. అంతకు మించి తినే కార్డుకు పవర్ సప్లై నుంచి విడిగా తీగె కావాలి. నేను మరచినది అదే.

ఇరుకు తెలిసింది. ఇక మార్చడమే తరువాయి అనుకుంటుండగా మా ఇంటావిడ పెట్టె దగ్గర చెవి పెట్టి, "ఏమండీ, ఈ టిక్కు టిక్కుమనే చప్పుడు ఏమిటి?" అన్నది.

నా గుండె ఝల్లుమన్నది. హార్డు డిస్కు అట్లా కొట్టుకున్నదంటే దాని ఆయువు తీరవచ్చిందని అర్థం. పదకొండు పాటలూ అందులోనే ఉన్నాయి, మరెక్కడా లేవు!

మిగతా పనులన్నీ ఆపి, బయటి డిస్కు ఒకటి తెచ్చి పాటలు ఎక్కించసాగాము. పది పాటలు వచ్చాయి. పదకొండవది సగం దాకా వచ్చి ఆగిపోయింది. రాత్రంతా ప్రయత్నించినా మిగతా సగం రాలేదు. మా ఇంటావిడ చాలాసేపు ఊరికే కూర్చుని, "ఇంకొక నెల ఆగితే ఆ పదీ పోయేవి," అన్నది. ఆమె సంవత్సరాల నుంచి ఇంకొక ప్రతి తీసి పెట్టమంటున్నది. రేపు రేపు అని వాయిదా వేసినవాణ్ణి నేనే.

పిల్లలూ, ఈ మాట మీ అమ్మానాన్నలకు కూడా చెప్పండి. పోతే మళ్లీ రానిదేదైనా రెండు ప్రతులు తీసి, రెండు ఇళ్లలో ఉంచండి. ఇప్పుడు ఆ పాటల ప్రతి ఒకటి సూర్యాపేటలో, ఒకటి కోదాడలో మా అమ్మాయి ఇంట్లో ఉన్నది.

తరువాత వైద్యం చేశాము. ముందు ఎస్.ఎస్.డి. వేశాము. ర్యామ్ మాత్రం ఏది పడితే అది పట్టదు. మా బోర్డుకు డి.డి.ఆర్.3 రకం కావాలి. ఇప్పటి రకాలకు గంటు వేరొక చోట ఉంటుంది, గుచ్చుకోదు. సికింద్రాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటరులో వెతికితే 8 గిగాబైట్లవి రెండు దొరికాయి. కొత్త పవర్ సప్లై వేసి, బీరువాలోని కార్డును దించాము. విప్పేముందు ప్లగ్గు పీకి, పెట్టె ఇనుమును చేత్తో తాకాము. మన ఒంటి మీది స్థిరవిద్యుత్తు సన్నని భాగాలను మాడ్చగలదు. పవర్ సప్లై డబ్బాను మాత్రం ఎన్నడూ విప్పకండి. ప్లగ్గు తీసినా దాని లోపల విద్యుత్తు నిలిచి ఉంటుంది.

విండోసు 10కి ఉచిత మరమ్మతులు 2025 అక్టోబరు 14తో ముగిశాయి. విండోసు 11 మా పాత ప్రాసెసరును ఒప్పుకోదు. అంచేత ఉచితంగా దొరికే లినక్స్ వేశాము. వీడియోలు అతికించే కేడెన్‌లైవ్, మనవడి మైన్‌క్రాఫ్ట్ రెండూ అందులో నడుస్తాయి.

ఇప్పుడు మీట నొక్కితే అరనిమిషంలో తెర తెరుచుకుంటున్నది. టీ కాచుకునే వ్యవధి లేదు! అయితే పెద్ద పెద్ద కొత్త ఆటలు మాత్రం ఆడలేదు. ఇప్పటి ఇరుకు ప్రాసెసరు. దాన్ని మార్చాలంటే బోర్డూ, ర్యామూ అన్నీ మార్చాలి. అది వైద్యం కాదు, కొత్తది కొనడమే. ఎక్కడ ఆగాలో తెలియడం కూడా లెక్కలో భాగమే.

1960లో బొంబాయిలో మనవాళ్లే కట్టిన టిఫ్రాక్ కంప్యూటరు మెమరీ మొత్తం 2,048 మాటలు. ఒక్కొక్కటి 40 బిట్లు. అంటే 10,240 బైట్లు. మా ముసలి కంప్యూటరు బల్ల ఇప్పుడు దానికి 16 లక్షల రెట్లకు పైబడి ఉన్నది! అయినా ఆనాటివారు అంత చిన్న బల్ల మీదనే విజ్ఞానశాస్త్రపు లెక్కలు చేశారు. ఉన్నదాన్ని తెలిసి వాడుకోవడమే గొప్ప.

మీ ఇంటి కంప్యూటరు నెమ్మదించిందా? ఏదీ కొనకముందు మూడు మీటలు నొక్కి, మూడు అంకెలు కాగితం మీద రాయండి. ఇరుకు అదే చెబుతుంది.

మొన్న మా ఇంటావిడ పదకొండవ పాటను వీడియోలో అతికించింది. ఆమె తల్లి గొంతు సగంలో ఆగిపోయినచోట, మిగతా పాటను తానే పాడి చేర్చింది. మా మనవడు ఆట మానివేసి వచ్చి, పాట అయ్యేదాకా పక్కన కూర్చుని విన్నాడు.