పాత జీపు బండియు, దాని కమానుల యెత్తును

మన పాఠశాలలోని పై తరగతుల బాలురలో ననేకులకు మోటారు బండ్లనిన మిక్కిలి యాసక్తి. వారిలో కొందరు ఇంటిలోని చిన్న కారు నమ్మివైచి, కొండమార్గములందును బురదయందును పోగల వాడిన జీపు బండి నొకదానిని కొనవలెనని తండ్రులను తొందరపెట్టుచున్నారు. కొన్న వెంటనే దాని కమానులను మార్చి రెండు మూడంగుళములు పైకి లేపవలెనని మఱికొందఱి ముచ్చట. ఈ కోరిక తప్పని మేము చెప్పము. కాని దాని వెనుక యంత్రశాస్త్రము, చట్టము, ధనము, ప్రాణము అను నాలుగు విషయములు కలవు. వానిని తలిదండ్రులకును విద్యార్థులకును తెలియునట్లు వివరించుటయే యీ వ్యాసమున మా యుద్దేశము.

పాతనగరవాసుల కిట్టి కోరిక పుట్టుటకు కారణము లేకపోలేదు. 1908వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి నగరమును ముంచిన సంగతి మన యిండ్లలో నేటికిని చెప్పుకొందురు. ఆ యుపద్రవము తరువాతనే 1920లో ఉస్మాన్‌సాగరమును, 1927లో హిమాయత్‌సాగరమును నిర్మింపబడినవి. అయినను 2020 అక్టోబరు నెలలో 13, 14 తేదీలనుండి కురిసిన వర్షములకు చెరువులు పొరలి, కట్టలు తెగి, పాతనగరపు దక్షిణభాగమున ననేక వాడలు నీట మునిగినవి. పల్లెచెరువు క్రిందనున్న అల్‌జుబైలు కాలనీ, గుఱ్ఱంచెరువు క్రిందనున్న హాఫిజ్‌బాబానగరు మొదలగు చోట్ల వీధులు కాలువలైనవి. ఇండ్లముందు నిలిపిన కార్లు తెప్పలవలె తేలిపోయినవి. ఆ దృశ్యమును కన్నవారు ఎత్తైన బండి కావలెననుకొనుట సహజమే. కాని యెత్తు ఒక్కటియే రక్షణ మగునా యనునది ప్రశ్న.

జీపు అనునది 1940–41 సంవత్సరములలో అమెరికా సైన్యముకొఱకు రూపొందింపబడిన బండి. మన దేశమున దీనిని కూర్చి విక్రయించిన మహీంద్ర సంస్థ 1945లో ‘మహీంద్ర అండ్ మహమ్మద్’ అను పేర స్థాపింపబడినది. ఆ రెండవ పేరు గల మాలిక్ గులాం మహమ్మద్ నిజాము ప్రభుత్వమున ఆర్థిక వ్యవహారములు చూచినవాడే. దేశవిభజనానంతర మతడు పాకిస్తానమునకు పోయెను. 1948లో సంస్థ పేరు మహీంద్ర అండ్ మహీంద్ర అయ్యెను. తరువాత 1985లో మారుతి జిప్సీయు, 2010లో థార్ అను బండియు వచ్చినవి. 2020లో థార్ పూర్తిగా క్రొత్తరూపము దాల్చినది. నేడు వాడిన బండ్ల విపణిలో మనకు దొఱకునవి ముఖ్యముగా నివియే. సైన్యమువారు వేలమువేసిన పాత జిప్సీలును జీపులును గూడ అప్పుడప్పుడు అమ్మకమునకు వచ్చుచుండును.

ఇక నిట్టి బండిని సాధారణమైన కారునుండి వేఱుపఱచు లక్షణములు మూడు. మొదటిది, నిచ్చెనవలె నడ్డకమ్ములు గల బలమైన యినుప చట్రము. దీనినే చాసిస్ అందురు. రెండవది, యింజను బలము నాలుగు చక్రములకును పంచు యేర్పాటు. మూడవది, మిక్కిలి మెల్లగా, మిక్కిలి బలముగా లాగుటకు ప్రత్యేకమైన చిన్న గేరు. ఈ మూడును లేని బండి రూపమున జీపువలె నున్నను గుణమున కారే. 2023లో వెనుక చక్రములు మాత్రమే లాగు థార్ కూడ అమ్మకమునకు వచ్చినది. అంతకుముందును అట్టి రకములు కలవు. కావున పేరు చూచి మోసపోక, రెండవ గేరుకఱ్ఱ యున్నదో లేదో, అది పనిచేయుచున్నదో లేదో నడపి చూడవలెను.

వాడిన బండిని పరీక్షించునపుడు పై రంగును చూచుట నిష్ప్రయోజనము. బండి క్రింద చాపపఱచుకొని పండుకొని, చాసిస్‌ను చిన్న సుత్తితో తట్టి చూడవలెను. గట్టి యినుము గణగణ మ్రోగును. తుప్పు తినినది బొద్దుగా పలుకును. అతుకువేసిన చోట్లు, వంగిన కమ్ములు పూర్వపు ప్రమాదమునకు గుర్తులు. వఱదలో మునిగిన బండి యైనచో సీట్ల క్రింది పట్టాలు తుప్పుపట్టియుండును; నేలమీది తివాచీ నెత్తి చూచినచో సన్నని ఒండ్రుమట్టి కనబడును; దీపపుటద్దముల లోపల నీటి చాఱ లుండును. ఇట్టి బండి ఎంత చౌకయైనను కొనరాదు; దానిలోని విద్యుత్తీగలు నేడు గాకున్న రేపైనను చెడును. టైరు ఒకవైపుననే యరిగినచో చక్రముల పొందిక తప్పినదని యెఱుగవలెను.

పత్రములను గూర్చియు నొక మాట. రిజిస్ట్రేషను పత్రములోని యింజను సంఖ్య, చాసిస్ సంఖ్య బండిమీది సంఖ్యలతో నక్షరాల సరిపోవలెను. సొంత బండి రిజిస్ట్రేషను 15 ఏండ్లు చెల్లును. ఆ పిమ్మట పరీక్షించి 5 ఏండ్లకొకసారి పొడిగింతురు. మన తెలంగాణమున 2014కు పూర్వపు బండ్లకు ఏ.పి., తరువాతివానికి టి.ఎస్., 2024 మార్చి నుండి టి.జి. అను నక్షరములు కలవు. దీనివలన బండి వయసు కొంత పోల్చుకొనవచ్చును. బ్యాంకు అప్పు తీఱినట్లు ధ్రువపత్రము, చెల్లింపని చలానులు లేవని నిశ్చయము, భీమా పత్రము పేరుమార్పు అను నివి ముగియక మున్ను పూర్తి సొమ్ము చేతికీయరాదు.

ఇప్పుడు కమానుల విషయము. చౌమహల్లా ప్రాసాదమునకు పోయిన విద్యార్థు లచటి పాత బగ్గీలను, 1912 నాటి రోల్సు రాయిసు కారును చూచియుందురు. వాని క్రింద వంపు తిరిగిన యుక్కు బద్దలు కట్టగా కట్టియుండును. దానినే మన మిస్త్రీలు కమాను కట్ట యందురు. చక్రము గుంటలో పడినపుడు కమాను వంగి యా దెబ్బను తాను మ్రింగును. వంగినది మరల విదిర్చికొని యూగులాడకుండ ఆపునది షాకు అబ్సార్బరు. జిప్సీకిని పాత మహీంద్ర జీపులకును నాలుగు చక్రములయొద్ద కమాను కట్టలే. 2010 నాటి థార్‌కు ముందు మెలిపడు కడ్డీయు, వెనుక కమాను కట్టయు కలవు. 2020 నాటి థార్‌కు నాలుగు వైపుల చుట్టస్ప్రింగులే. కాబట్టి ఒక బండికి తగిన లేపుడు సామాను మఱియొక బండికి తగదు.

బండిని లేపుటకు మార్గములు పలు తెఱగులు. చాసిస్‌కును పై తొట్టికిని నడుమ దిమ్మెలు పెట్టుట ఒకటి. ఇది చూపునకేగాని కమానుల పనితనమును మార్చదు. చుట్టస్ప్రింగుపై బిళ్ళ వేయుట రెండవది. ఇది చౌక, కాని స్ప్రింగు క్రిందికి జాఱుటకు గల యవకాశము తగ్గి బండి కుదుపెక్కువగును. ముందు మెలిపడు కడ్డీని మరచుట్టు త్రిప్పి బిగించుట మూడవది; హద్దు మీఱినచో ముందు చక్రములకు బలము చేర్చు కీళ్ళు వంకరగా తిరిగి వాని రబ్బరు తొడుగులు చిరుగును. తగిన పొడవుగల షాకు అబ్సార్బరులతో సహా క్రొత్త కమానులనో స్ప్రింగులనో వేయుట నాలుగవది. అన్నిటిలో నిదియే సరియైన పద్ధతి, వ్యయమును నెక్కువయే.

ఇందొక మర్మము గలదు. ఒకే యిరుసు గల జీపులలో నేలకు మిక్కిలి దగ్గఱగా నుండునది యిరుసు నడిమి గుండ్రని డిఫరెన్షియలు. కమానుల నెంత యెత్తు చేసినను బండి తొట్టి పైకి పోవునే గాని, యీ గుండు వెండ్రుకవాసియైనను లేవదు. దానిని లేపునది పెద్ద టైరు మాత్రమే. అదియు టైరు వ్యాసము పెరిగినదానిలో సగము. 28 అంగుళముల టైరు తీసి 30 అంగుళముల టైరు వేసినచో ఒక్క యంగుళము లాభము. నడిదారి రాయి తగులునని భయపడి కమానులు లేపువారు ఈ లెక్కను మఱచుచున్నారు.

లాభమిట్లుండగా నష్టము చూడుడు. ఉదాహరణమునకు చక్రముల నడుమ వెడల్పు 56 అంగుళములు, బండి గరిమకేంద్రము నేలకు 28 అంగుళముల యెత్తున నున్నదనుకొందము. సగము వెడల్పు 28, ఎత్తు 28. కాన నిలిచియున్న బండి 45 డిగ్రీలు ఒరగువఱకు పడదు. గరిమకేంద్రము 30 అంగుళములైనచో ఆ హద్దు 43 డిగ్రీలకును, 32 అయినచో సుమారు 41 డిగ్రీలకును దిగును. ఇది కాగితముమీది లెక్క. నిజమైన దారిలో మలుపు తిరుగునపుడు కమానులు ఒకవైపు నలుగును, టైర్లు వంగును, పైకప్పుమీద సామానుండును. కాబట్టి యసలు హద్దు ఇంతకంటె నెంతయో తక్కువ. మరియు పెద్ద టైరు వేసినపుడు వేగసూచిక తక్కువ చూపును. పై యుదాహరణములోని టైర్లతో సూచిక 56 కిలోమీటర్లు చూపునపుడు బండి నిజముగా 60 కిలోమీటర్ల వేగమున పోవుచుండును. బ్రేకు గొట్టములు చాలక లాగబడును. స్టీరింగు పొందిక మాఱును. దీపముల వెలుగు ఎదుటివాని కన్నులలో పడును.

అన్నిటికంటె ముఖ్యమైనది మఱియొకటి. బండి ముందుభాగ మెత్తైనకొలది, దాని మూతి యెదుట నిలిచిన చిన్నబిడ్డ డ్రైవరునకు కనబడడు. శాలిబండ, మొగల్‌పుర, పురానీహవేలీ ప్రాంతముల సందులలో మన పిల్లలు సంచులు తగిలించుకొని బండ్ల నడుమనే నడచి వత్తురు. అట్టి చోట రెండంగుళముల షోకు ఒక తల్లికి గర్భశోకము కాగూడదు. ఇంటిలోని ముసలివారు ఎక్కి దిగుటకు పడు కష్టమునుగూడ నాలోచింపవలెను.

ఇక వఱదనీటి సంగతి. భౌతికశాస్త్రములో నార్కిమిడీసు సూత్రము చదివిన విద్యార్థు లీ లెక్కను తామే వేయగలరు. బండి నేల 3 మీటర్ల పొడవు, ఒకటిన్నర మీటరు వెడల్పు అనుకొనుడు. నీరు ఆ నేలకు పైన 30 సెంటీమీటర్లు వచ్చి, లోపలికి చొరకున్నచో, అది 1350 కిలోగ్రాముల బరువును పైకెత్తును. 900 కిలోగ్రాముల చిన్న కారు అంతకు మున్నే తేలిపోవును. 1700 కిలోగ్రాముల జీపునకు చక్రములమీద 350 కిలోగ్రాములు మాత్రమే మిగులును. ఆపై పాఱునీటి త్రోపుడు. రెండంగుళములు, అనగా సుమారు 5 సెంటీమీటర్లు లేపుటచే కలుగు లాభము 225 కిలోగ్రాములు. చెరువుకట్ట తెగినపుడు ఆ 5 సెంటీమీటర్ల నీరు కొలది నిమిషములలో పెరుగును. 2020 నాటి థార్ 65 సెంటీమీటర్ల లోతు నీటిలో పోగలదని తయారుచేసినవారు చెప్పినది నిలిచిన నీటికే గాని, మూతలేని మురుగు గుంతలు దాగిన పాఱునీటికి గాదు. అట్టి సమయమున మేడ యెక్కుటయే మేలు.

చట్టమును గూర్చి చెప్పవలెనన్న, 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము తయారుచేసినవారి కొలతలకు భిన్నముగా బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీము కోర్టు ఈ విషయమునే ధ్రువపఱచినది. అదే సంవత్సరపు సవరణచే, అనుమతిలేని ఒక్కొక్క మార్పునకు 5,000 రూపాయల జుల్మానాగాని, ఆరు నెలల వఱకు ఖైదుగాని, రెండునుగాని విధింపవచ్చును. ప్రమాదము జరిగినపుడు భీమా సంస్థవారు ఈ మార్పునే చూపి పరిహారమునకు అడ్డుచెప్పవచ్చును.

అయినచో పాత జీపు కొన్నవాడు కమానులను ముట్టరాదా? తప్పక ముట్టవలెను. పది పదునైదేండ్లు బరువు మోసిన కమాను వంపు తగ్గి అణగిపోవును. చక్రము నడిబొడ్డునుండి మడ్‌గార్డు అంచువఱకు నాలుగు మూలలను టేపుతో కొలిచి, కుడియెడమల తేడాను చూడుడు. తయారీదారు చెప్పిన కొలతతో పోల్చుడు. అంగుళమో, ఒకటిన్నరయో తగ్గియున్నచో అసలు కొలతల క్రొత్త కమానులు, వాని రబ్బరు బుష్షులు, మంచి షాకు అబ్సార్బరులు వేయింపుడు. వయసు దొంగిలించిన యెత్తు తిరిగి వచ్చును, చట్టమును మీఱినట్లును గాదు, ప్రాణభయమును లేదు. వికారాబాదు అనంతగిరి కొండలకు పోవువారికిని, రేగడినేలల పల్లెలకు పోవు మిషను బండ్లకును ఇంతకంటె కావలసినది అసలు కొలతలోనే లోతైన గాట్లు గల టైర్లు, చిన్నగేరు వాడుట నేర్చిన డ్రైవరు, బురదలో దిగబడినపుడు లాగుటకొక గట్టి మోకు.

పాత బండి కొనువారు మొదటి సొమ్మును కమానులు, బ్రేకులు, టైర్లు బాగుచేయుటకే కేటాయింతురు గాక. లేపుడు సామానునకై దాచిన ధనము మిగిలినచో, దానితో ముందుభాగము కనబడునట్లొక చిన్న కెమెరా పెట్టించుట మేలని మా యభిప్రాయము. బండిని ఆరాధించు బాలురు ఈ వేసవి సెలవులలో ఒక టేపును, ఒక నోటుపుస్తకమును చేతబట్టి, తమ వీధిలోని బండ్లను కొలిచి, పై లెక్కలను తామే వేసి చూతురని యాశించుచున్నాము.