బటన్ తిప్పే ముందు

ఒలింపిక్స్ విలువిద్యలో లక్ష్యం 70 మీటర్ల అవతల ఉంటుంది. దాని వ్యాసం 122 సెంటీమీటర్లు, పది పాయింట్లు తెచ్చే నడిమి వలయం 12.2 సెంటీమీటర్లే. కొత్తగా రికర్వ్ విల్లు పట్టినవాళ్లు ఈ లెక్క చూసి విల్లు ఖరీదు గురించి బెంగపడతారు. అసలు తికమక మొదలయ్యేది మాత్రం బాణాన్ని ఆనించే రెండు చిన్న వస్తువుల దగ్గర. బాణం బరువు మోసేది రెస్ట్. పక్కనుంచి దాన్ని కాసేది బటన్, అంటే లోపల స్ప్రింగ్ ఉన్న చిన్న ప్లంజర్. రెస్ట్ చవకదైనా చాలు, డబ్బు పెట్టాల్సింది బటన్ మీద. అయితే ఆ బటన్ మీద పెట్టుకునే ఆశ కొంచెంగానే ఉండాలి. అది గురి దిద్దదు. వదిలే చేతిలోని చిన్న తేడా మొత్తంగా బాణానికి అంటకుండా, కొంత తానే భరిస్తుంది.

వేళ్లు నారిని వదిలినప్పుడు అది సూటిగా ముందుకు పోదు, వేళ్లను ఒరుసుకుంటూ ముందు కాస్త పక్కకు జరుగుతుంది. దాంతోపాటు బాణం తోక కూడా జరుగుతుంది. ముందున్న బరువైన ములికి మాత్రం అంత తొందరగా కదలదు. అందుకే బాణం వంగుతుంది, ఆ వంపులో విల్లు వైపు ఒత్తుకుంటుంది, మరుక్షణం ఎదురువైపు వంగి విల్లును తప్పించుకుని పోతుంది. 1930లలో అమెరికాలో క్లారెన్స్ హిక్‌మన్, పాల్ క్లాప్‌స్టెగ్ వంటి శాస్త్రవేత్తలు అధికవేగ ఫొటోల సాయంతో ఈ వంపును పరిశీలించారు. మొదట ఒత్తుకునే ఆ క్షణంలో గట్టి గోడకు బదులు మెత్తగా వెనక్కి తగ్గే ఆనిక ఉంటే మేలని, 1960లలో విక్ బెర్గర్ అనే అమెరికన్ విలుకాడు స్ప్రింగ్ బటన్‌కు రూపమిచ్చాడు. విల్లు నడిమి భాగమైన రైజర్‌లో బటన్ బిగించే రంధ్రాన్ని ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. నారి బాణాన్ని నెట్టేదే సెకనులో 50వ వంతుకన్నా తక్కువ కాలం. అందులోనూ బటన్‌కు దక్కేది ఆరంభపు ముక్కే.

రెస్ట్ పని ఇంకా చిన్నది. వెనుక జిగురుతో అంటించే ప్లాస్టిక్ రెస్ట్‌ను చూసి పెదవి విరిచేవాళ్లున్నారు. పోటీలకు వెళ్లేవాళ్లు తీగె చేయి ఉండి, తగలగానే పక్కకు మడుచుకుని అయస్కాంతంతో తిరిగి యథాస్థానానికి వచ్చే రకం వాడరా అంటారు. వాడతారు, అది ఎక్కువ కాలం మన్నుతుంది కూడా. కానీ రెండిటిలో ఏదైనా చూసుకోవాల్సినవి అవే: బాణం నడిమి గీత బటన్ మొన మధ్యలో తగలాలి, పైనుంచి చూస్తే రెస్ట్ చేయి బాణం అంచు దాటి బయటికి పొడుచుకు రాకూడదు. ఇవి కుదరకపోతే ఎంత ధర పెట్టినా ఈకలు దానికి తగులుతూనే ఉంటాయి.

అమరికలో వరుస ముఖ్యం. ముందు బటన్ ఎంత బయటికి ఉండాలో తేల్చాలి. వెనుకనుంచి చూస్తూ నారిని విల్లు నడుమకు తెచ్చినప్పుడు, కుడిచేతివాళ్లకు బాణం మొన నారికి ఒక వెంట్రుకవాసి ఎడమగా కనపడాలి. స్ప్రింగ్‌ను నడిమి బిగువులో పెట్టి, ఆ తర్వాత 18 మీటర్ల నుంచి ఈకలున్న బాణాలతోపాటు ఈకలు లేనివీ వేయాలి. ఈకలు లేనిది ఎడమకు పడితే బాణం బిరుసుగా ప్రవర్తిస్తోందని అర్థం, స్ప్రింగ్ కొంచెం వదులు చేయాలి. కుడికి పడితే బిగించాలి. ఎడమచేతివాళ్లకు ఇదంతా తిరగేసి. రెండు మూడు మలుపులకూ దారికి రాకపోతే తప్పు బటన్‌ది కాదు, బాణం బిరుసుతనం విల్లు బలానికి సరిపోలేదు. చాలామంది ఇక్కడే మొండికేసి స్ప్రింగ్‌ను చివరిదాకా తిప్పేస్తారు. అప్పుడది బటన్ కాదు, ఉత్త మేకు.

బాణాలు పక్కకు పోతే గురి చూసే సైట్‌ను జరుపుకుంటే సరిపోదా అని అడగవచ్చు. గుంపు ఎక్కడ పడుతుందో సైట్ మారుస్తుంది, గుంపు ఎంత చెదురుతుందో మార్చలేదు. చెదురు తగ్గించడంలో బటన్‌కు వాటా ఉంది. నల్లమల చెంచులు ఏ బటన్ పెట్టుకుని వేటాడారనే ప్రశ్న కూడా న్యాయమైనదే. వేటలో దూరం తక్కువ, జంతువు మేను 12 సెంటీమీటర్ల వలయం కన్నా పెద్దది. డజన్లకొద్దీ బాణాలను ఒకే చోట పడేయాల్సిన అవసరం అక్కడ లేదు. కాంపౌండ్ విల్లు సంగతి వేరు. 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలిచిన విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ ఆడే ఆ విభాగంలో నారిని వేళ్లు కాదు, చిన్న యంత్రం వదులుతుంది. నారి పక్కకు జరగడం బాగా తక్కువ కాబట్టి, పలుచని ఉక్కు రేకు లేదా బాణం కదలగానే కిందికి వాలే రెస్ట్ సరిపోతుంది. అదే ఊరి బొమ్మదేవర ధీరజ్ ఆడే రికర్వ్‌లో వేళ్లే వదలాలి, కాబట్టి బటన్ తప్పదు.

అమరిక కుదిరాక స్ప్రింగ్ ఎన్ని మలుపుల్లో ఉందో రాసి పెట్టుకోవాలి, బాణాలో విల్లు బలమో మారితే తప్ప దాన్ని కదపకూడదు. మొనను మాత్రం అప్పుడప్పుడు గోటితో తడిమి చూడాలి. అక్కడ గాడి పడితే మొన మార్చాలి, స్ప్రింగ్ కాదు.