మొదటి ప్రపంచయుద్ధపు బ్రిటిష్ పతకాల సేకరణ

యుద్ధాలలో పాల్గొన్నవారికి ప్రభుత్వాలు ప్రదానం చేసిన పతకాలను సేకరించి, వాటి చరిత్రను అధ్యయనం చేయడాన్ని యుద్ధ పతకాల సేకరణ అంటారు. నాణేలు, తపాలా బిళ్ళల సేకరణవలె ఇదీ ఒక అభిరుచి. అయితే ఒక రకపు నాణేలన్నీ ఒకేలా ఉంటాయి. మొదటి ప్రపంచయుద్ధంలో (1914–1918) ఇచ్చిన బ్రిటిష్ పతకాలపై మాత్రం వాటిని పొందిన వ్యక్తుల పేర్లు ముద్రించి ఉంటాయి. అందువలన ఇవి చారిత్రక ఆధారాలుగా కూడా ఉపయోగపడుతున్నాయి.

నేపథ్యం

యుద్ధ పతకాలు ప్రధానంగా రెండు విధాలు. ప్రత్యేక సాహసానికి ఇచ్చేవి శౌర్య పతకాలు. 1856లో నెలకొల్పిన విక్టోరియా క్రాస్ ఇందుకు ఉదాహరణ. యుద్ధంలో పనిచేసిన వారందరికీ ఇచ్చేవి సేవా పతకాలు. 1815 నాటి వాటర్లూ యుద్ధంలో పాల్గొన్న బ్రిటిష్ సైనికులకు హోదాతో నిమిత్తం లేకుండా వెండి పతకం ఇచ్చి, దాని అంచుపై పేరు ముద్రించారు. తరువాతి యుద్ధాలలో కూడా పేరు వేసే పద్ధతి కొనసాగింది.

ప్రధాన పతకాలు

* 1914 స్టార్: 1914 ఆగస్టు 5 నుండి నవంబరు 22 వరకు గల కాలంలో ఫ్రాన్సు, బెల్జియంలలో పనిచేసినవారికి ఇచ్చిన కంచు పతకం.
* 1914–15 స్టార్: 1915 చివరిలోగా యుద్ధరంగానికి వెళ్ళినవారికి ఇచ్చినది. 1914 స్టార్ పొందినవారికి దీనిని ఇవ్వలేదు.
* బ్రిటిష్ వార్ మెడల్: సుమారు 65 లక్షల వెండి పతకాలు ఇచ్చారు. చైనా, మాల్టా, భారతదేశాలకు చెందిన శ్రామిక దళాలవారికి సుమారు 1,10,000 కంచు పతకాలు ఇచ్చారు.
* విక్టరీ మెడల్: ఇంద్రధనుస్సు రంగుల రిబ్బనుతో ఉండే కంచు పతకం. మిత్రరాజ్యాలు తమతమ పతకాలకు ఇదే రిబ్బనును వాడాయి.

మరణించినవారి కుటుంబాలకు కంచు స్మారక ఫలకం ఇచ్చారు. త్యాగంలో అందరూ సమానులేనని తెలుపుటకు దానిపై హోదా లేకుండా పేరు మాత్రమే వేశారు.

పేరు ప్రాధాన్యం

స్టార్లకు వెనుకవైపున, తక్కిన రెండు పతకాలకు అంచుపైన సైనికుని సంఖ్య, హోదా, పేరు, దళం ఉంటాయి. 1940 సెప్టెంబరులో లండనుపై జరిగిన బాంబుదాడిలో సైనిక దస్త్రాల గిడ్డంగి కాలిపోయింది. మొదటి ప్రపంచయుద్ధపు సాధారణ సైనికుల వ్యక్తిగత పత్రాలలో సుమారు 60 శాతం నశించాయి. అలా పత్రాలు పోయిన సైనికుని సేవకు అతని పతకం, పతకాల సూచిక కార్డు తరచు మిగిలిన కొద్దిపాటి ఆధారాలు. ఈ కార్డులు బ్రిటన్ జాతీయ అభిలేఖాగారం ద్వారా లభిస్తాయి. సేకర్తలు పతకంపై ఉన్న వివరాలను వీటితో సరిపోల్చుతారు.

పతకాల నష్టం

ఒక్కొక్క బ్రిటిష్ వార్ మెడల్‌లో సుమారు ఒక ఔన్సు వెండి ఉంటుంది. 1980 జనవరిలో ఔన్సు వెండి ధర 50 డాలర్ల సమీపానికి చేరినప్పుడు ఎన్నో పతకాలను లోహం కోసం కరిగించివేశారు. వాటికి జతగా ఉండవలసిన విక్టరీ మెడల్‌లు ఒంటరిగా మిగిలాయి. వారసులు పంచుకోవడం వలన, విడివిడిగా అమ్మడం వలన కూడా ఒకే వ్యక్తి పతకాలు చెదిరిపోతాయి. వాటిని తిరిగి ఒకచోట చేర్చడం సేకర్తలకు ఇష్టమైన పని.

సేకర్తలు గమనించవలసినవి

అసలు పేరును అరగదీసి ప్రసిద్ధ దళానికి చెందినవారి పేరు వేసి అమ్మే మోసం కలదు. అంచు పలుచబడడం, అక్షరాల తీరు మారడం దీనికి గుర్తులు. పతకాలను తరచుగా మెరుగుపెట్టితే అక్షరాలు అరిగిపోతాయి కనుక పొడి మెత్తని గుడ్డతో తుడిస్తే చాలు.

భారతీయ సైనికుల పతకాలు

ఈ యుద్ధంలో సుమారు 13 లక్షల మంది భారతీయులు విదేశాలలో పనిచేశారు. తెలుగు, తమిళ ప్రాంతాలవారున్న మద్రాసు సాపర్స్ అండ్ మైనర్స్ దళం మెసొపొటేమియాలో సేవ చేసింది. భారతీయుల పతకాలపై వివరాలు ఇంగ్లీషు అక్షరాలలో ఉంటాయి. ఒకే పేరు గలవారు అనేకులు కనుక సంఖ్య, దళం తెలియనిదే వ్యక్తిని గుర్తించుట కష్టం. రెండవ ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ సైనికులకు ఇచ్చిన సేవా పతకాలపై పేర్లు వేయలేదు. భారతీయ సైనికుల పతకాలపై వేశారు. కావున పాత పతకాన్ని వెండి తూకానికి ఇచ్చేముందు దాని అంచును, వెనుకభాగాన్ని చదివి వివరాలు రాసిపెట్టుకోవడం అవసరం. కరిగిన పతకంతో పాటు ఆ పేరు కూడా పోతుంది.