ఫుట్‌బాల్ అకాడమీకి పంపే ముందు: లింగాల తల్లిదండ్రుల కోసం అపోహలు – వాస్తవాలు

2025 డిసెంబరు 13న లియొనెల్ మెస్సీ ఉప్పల్ స్టేడియానికి వచ్చాడు. ఆ రోజు అతనితో కలిసి బంతి తన్నిన ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డిది మన నాగర్‌కర్నూల్ జిల్లాలోని కొండారెడ్డిపల్లి. కబడ్డీ, వాలీబాల్, క్రికెట్ ఆడుతూ పెరిగే లింగాల, బల్మూరు, అమ్రాబాద్ పిల్లల్లో కొందరికి ఫుట్‌బాల్ మీద మనసు పోవడానికి ఇంతకన్నా ఏం కావాలి? మనసు పోవడం మంచిదే. చిక్కంతా ఆ తర్వాత ఫోన్లలోకి వచ్చే పోస్టర్లతోనే. ‘ఎలైట్ అకాడమీ’, ‘యూరప్ ట్రయల్స్’, ‘సీట్లు కొన్నే’ అని రాసి లక్షల్లో ఫీజులు అడుగుతారు. పత్తి అమ్మిన పైసలో, పుణెకో ముంబయికో వలసపోయి కూడబెట్టిన పైసలో వాళ్ల చేతిలో పోశాక అసలు సంగతి తెలిసి లాభం లేదు.

అపోహ: ఫీజు ఎంత ఎక్కువైతే అకాడమీ అంత గొప్పది.

వాస్తవం: దేశంలో పేరున్న అకాడమీల్లో చాలా వాటి లెక్క దీనికి తలకిందులు. 1987లో జంషెడ్‌పూర్‌లో మొదలైన టాటా ఫుట్‌బాల్ అకాడమీ పిల్లల్ని తానే ఎంచుకుని, తిండీ వసతీ తానే చూసుకుంటుంది. 2015లో నవీ ముంబయిలో పెట్టిన రిలయన్స్ ఫౌండేషన్ యంగ్ చాంప్స్‌ది కూడా పూర్తి స్కాలర్‌షిప్పే. 2023 నవంబరులో ఆర్సెన్ వెంగర్ భువనేశ్వర్ వచ్చి ప్రారంభించిన ఫిఫా–ఏఐఎఫ్ఎఫ్ అకాడమీలోకి కూడా ఆట చూసే తీసుకుంటారు. మనకు దగ్గర్లో, కృష్ణ దాటితే రాయలసీమలో, విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన ఆర్డీటీ సంస్థ అనంతపురంలో పల్లె పిల్లల కోసం ఫుట్‌బాల్ నడుపుతోంది. ఆడపిల్లలకూ అక్కడ చోటుంది. పిల్లవాడిలో నిజంగా సత్తా కనిపిస్తే, ఖర్చు భరించడానికి ముందుకొచ్చే చోట్లు ఇలా కొన్నైనా ఉన్నాయి.

ఫీజు తీసుకునే ప్రతి అకాడమీ మోసమని కాదు. హైదరాబాద్‌లో ఉండే కుటుంబం నెలనెలా కొంత కట్టి సాయంత్రాలు పిల్లల్ని ఆడిస్తే తప్పేం లేదు. లింగాల నుంచి పదేళ్ల పిల్లవాడిని హాస్టల్లో వదలడం మాత్రం వేరే విషయం. సంచి మీది బొమ్మ చూసి విత్తనం కొనకూడదని పాలమూరు పత్తి రైతుకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. అకాడమీ దగ్గరా అదే జాగ్రత్త కావాలి. దానికి అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య, అంటే ఏఐఎఫ్ఎఫ్, ఇచ్చే స్టార్ గుర్తింపు ఉందా? రోజూ గ్రౌండ్‌లో నిలబడే కోచ్‌కు డి, సి, బి, ఏ లైసెన్సుల్లో ఏది ఉంది? పోస్టర్ మీద ఫొటో ఉన్న మాజీ ఆటగాడు నెలకు ఎన్నిసార్లు వస్తాడు? పిల్లలు ఏ బడికి పోతారు? వీటికి సూటిగా జవాబు చెప్పని చోట అడ్వాన్సు కట్టకండి.

అపోహ: ఏడెనిమిదేళ్లకే ఫుట్‌బాల్ ఒక్కటే పట్టుకోవాలి. పన్నెండు దాటితే ఇక అయిపోయినట్టే.

వాస్తవం: అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేస్తున్న అపోహ ఇదే. తొందరపడమని తల్లిదండ్రుల మీద ఒత్తిడి తెచ్చేవాళ్లందరి చేతిలో ఆయుధం కూడా ఇదే. చాలా ఆటల్లో 15, 16 ఏళ్ల దాకా ఒకే ఆటకు కట్టుబడకపోవడమే మేలని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2016లో చెప్పింది. వారానికి కనీసం ఒకటి రెండు రోజులు, ఏడాదిలో అంతా కలిపి కనీసం మూడు నెలలు ఆ ఆటకు విరామం ఇవ్వాలంది. క్రీడా వైద్యులు చెప్పే గుర్తుపెట్టుకోదగ్గ లెక్క ఒకటుంది: పిల్లల వయసు ఎన్నేళ్లో, వారానికి క్రమబద్ధమైన శిక్షణ అన్ని గంటలకు మించకూడదు. అంటే పదేళ్ల పిల్లవాడికి వారానికి పది గంటలు. అంతకు మించితే దెబ్బలు పెరుగుతాయి. ఎముకలు సాగే వయసులో మడమ, మోకాలి కింద వచ్చే నొప్పిని ‘అలవాటైపోతుంది’ అని కొట్టిపారేయకూడదు.

సౌమ్య గుగులోత్‌ను చూడండి. నిజామాబాద్ జిల్లాలోని లంబాడా కుటుంబంలో పుట్టిన ఈ అమ్మాయి ముందు అథ్లెటిక్స్‌లో పరుగెత్తింది. ఫుట్‌బాల్ తర్వాత వచ్చింది. ఆ వేగమే వింగ్‌లో ఆమెకు బలమైంది. 2022లో క్రొయేషియాలోని డినామో జాగ్రెబ్ మహిళల జట్టుకు ఆడింది, 2025లో ఏఐఎఫ్ఎఫ్ నుంచి ఉత్తమ క్రీడాకారిణి పురస్కారం అందుకుంది. మన తండాల్లో కబడ్డీ కూతకు పోయే పిల్లలు, బడికి నడిచిపోయే పిల్లలు ఏదో కోల్పోతున్నారని అనుకోవద్దు. ఒంటిని తిప్పడం, ఎదుటివాడిని తప్పించడం, ఊపిరి నిలపడం వాళ్లు అక్కడే నేర్చుకుంటున్నారు.

హైదరాబాద్ చరిత్ర కూడా అదే చెబుతుంది. భారత జట్టుకు 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం తెచ్చిపెట్టిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా బడిపంతులు. 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకూ ఆయనే కోచ్. డ్రిబ్లింగ్ చేయకూడదని షరతు పెట్టి ఒక పోటీ, అలవాటు లేని కాలితోనే ఆడాలని ఇంకో పోటీ పెట్టి ఆయన కుర్రాళ్లకు ఆట నేర్పారు. సికింద్రాబాద్ అమ్ముగూడలో పేద కుటుంబంలో పుట్టిన తులసీదాస్ బలరాం ఆ పెంపకంలోనే ఎదిగి, 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద గోల్ కొట్టాడు. ఆ శిక్షణకు కావాల్సింది బంతి, స్థలం, పట్టించుకునే గురువు. మన జిల్లా పరిషత్ హైస్కూల్లో పీఈటీ సారు తలుచుకుంటే ఈ వారమే అలాంటి పోటీ పెట్టవచ్చు.

అపోహ: పొట్టిగా, సన్నగా ఉంటే సెలక్టు కారు.

వాస్తవం: చిన్న వయసు సెలక్షన్లలో పెద్దగా కనిపించేవాళ్లకే మొగ్గు ఉంటుందన్నది నిజమే, కానీ అది సెలక్టర్ల లోపం. వయసు కటాఫ్ జనవరి 1 అయితే జనవరిలో పుట్టిన పిల్లవాడు డిసెంబరులో పుట్టినవాడికన్నా దాదాపు ఏడాది పెద్ద. ఆ తేడానే ప్రతిభ అనుకుని ఎంచుకోవడం ప్రపంచమంతటా జరుగుతోందని పరిశోధనలు చెబుతున్నాయి. మెస్సీ ఎత్తు 170 సెంటీమీటర్లు. మన సికింద్రాబాద్‌లో పుట్టి భారత్‌కు అత్యధిక గోల్స్ కొట్టిన సునీల్ ఛెత్రీదీ అంతే. పన్నెండేళ్ల వయసులో ఒక ట్రయల్‌లో తప్పితే మళ్లీ పద్నాలుగులో పంపండి.

అపోహ: సర్టిఫికెట్‌లో రెండేళ్లు తగ్గిస్తే చిన్న పిల్లల జట్టులో మెరిసిపోతాడు.

వాస్తవం: ఈ సలహా ఇచ్చేవాళ్ల దగ్గరికి పిల్లల్ని పంపకండి. ఏఐఎఫ్ఎఫ్ యూత్ పోటీల్లో ఎడమ మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముక వయసు లెక్కగడతారు. టీడబ్ల్యూ3 పరీక్ష అంటారు దాన్ని. ఫిఫా అండర్-17 పోటీల్లో ఎంఆర్ఐ తీస్తారు. దొరికితే పోయేది పిల్లల భవిష్యత్తే. బడిలో చేర్చే రోజు నోటికొచ్చిన తేదీ రాయించిన ఇళ్లు మన దగ్గర తక్కువేం లేవు. ఆధార్‌లో ఒకటి, బోనఫైడ్‌లో ఒకటి ఉంటే ఇప్పుడే సరిచేయించండి.

అపోహ: ఏజెంటు చెప్పాడు, పదిహేనేళ్లకే విదేశీ క్లబ్బు తీసుకుంటుందట.

వాస్తవం: ఫిఫా నిబంధనల్లోని 19వ అధికరణం ప్రకారం 18 ఏళ్లు నిండని ఆటగాణ్ని ఒక దేశం నుంచి మరో దేశపు క్లబ్బుకు మార్చకూడదు. తల్లిదండ్రులు ఫుట్‌బాల్‌తో సంబంధం లేని కారణంతో ఆ దేశానికి మారడం వంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. లింగాల పిల్లవాడికి అవి వర్తించడం దాదాపు అసాధ్యం. ‘యూరప్ ట్రయల్స్’ పేరిట కట్టించుకునేవి చాలావరకు విమానం టిక్కెట్టు, హోటల్, ఒక ఫొటో ఖర్చులే. మైనర్ల తరఫున మాట్లాడే ఏజెంటుకు ఫిఫా లైసెన్సూ, తల్లిదండ్రుల రాతపూర్వక అంగీకారమూ ఉండాలి. లైసెన్సు చూపించమని అడగండి.

అపోహ: హైదరాబాద్‌లో పెద్ద క్లబ్బు ఉందిగా, దాని యూత్ జట్టులో పడితే చాలు.

వాస్తవం: హైదరాబాద్ ఎఫ్‌సీ 2019లో పుట్టింది, 2022లో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది, 2025లో పేరు మార్చుకుని ఢిల్లీ వెళ్లిపోయింది. మొత్తం ఆరేళ్లు. శ్రీనిధి డెక్కన్ లాంటి క్లబ్బులు ఇంకా ఉన్నాయి, వాటి ట్రయల్స్‌కు పోవచ్చు. కానీ పిల్లల చదువును ఒక క్లబ్బు అదృష్టానికి ముడిపెట్టి పదో తరగతి ఆపించడం సాహసం కాదు, అన్యాయం.

అపోహ: ఏ టోర్నమెంటు సర్టిఫికెట్టు ఉన్నా స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం ఖాయం.

వాస్తవం: కోటాకు నడిచేవి నాలుగు ఫారాలు. దేశం తరఫున అంతర్జాతీయ పోటీల్లో ఆడితే ఫారం-1, జాతీయ పోటీల్లో రాష్ట్రం తరఫున ఆడితే ఫారం-2, అంతర్ విశ్వవిద్యాలయ పోటీలకు ఫారం-3, జాతీయ పాఠశాల క్రీడల్లో రాష్ట్ర జట్టులో ఆడితే ఫారం-4. గుర్తింపు లేని సమాఖ్య నేపాల్‌లోనో థాయిలాండ్‌లోనో పెట్టిన ‘ఇంటర్నేషనల్ కప్’ కాగితం వీటిలో దేనికిందా రాదు. అదే స్కూల్ గేమ్స్‌లో మండలం నుంచి జిల్లాకు, అక్కడి నుంచి రాష్ట్రానికి, జాతీయానికి పోయే దారికి అండర్-14 నుంచి అండర్-19 దాకా అవకాశం ఉంది. ఆ దారిలో వచ్చే సర్టిఫికెట్టుకు విలువ ఉంది.

అపోహ: ఆడపిల్లకు ఫుట్‌బాల్ దేనికి?

వాస్తవం: 2025 జులైలో భారత మహిళల జట్టు థాయిలాండ్‌ను వాళ్ల దేశంలోనే 2–1తో ఓడించి, 2026 ఆసియా కప్‌కు క్వాలిఫయింగ్ పోటీల ద్వారా తొలిసారి అర్హత సాధించింది. సత్తా ఉన్న అమ్మాయికి దారి తెరిచే ఉంది. హాస్టల్‌కు పంపేటప్పుడు మాత్రం ఎవరూ మొహమాటపడొద్దు. వార్డెన్ మహిళేనా, రాత్రి గదుల దగ్గరికి ఎవరు వస్తారు, బిడ్డ తల్లికి ఎప్పుడంటే అప్పుడు ఫోన్ చేసుకోవచ్చా, ఇవన్నీ అడగాలి. 2022లో భారత అండర్-17 అమ్మాయిల జట్టు యూరప్ పర్యటనలోనే దుష్ప్రవర్తన ఆరోపణతో ఒక సహాయ కోచ్‌ను తొలగించాల్సి వచ్చింది. జాతీయ జట్టులోనే అలా జరిగిందంటే మనం అడగడంలో తప్పేముంది? అబ్బాయిల విషయంలోనూ ఇవే అడగండి. బిడ్డకు 1098 నంబరు కంఠతా రావాలి.

పౌడర్ డబ్బాల గురించి ఒక్క మాట: అవసరం లేదు. గుడ్లు, పాలు, పప్పు, మన పల్లీ, బెల్లం చాలు. ఏం కలిపారో తెలియని పౌడర్ వల్ల డోపింగ్ పరీక్షలో దొరికిపోయే ప్రమాదం కూడా ఉంది.

ఇక లింగాలలో ఉండి ఏం చేయొచ్చు? బిడ్డ మూడో తరగతిలో ఉంటే, నాలుగో తరగతిలో చేర్చుకునే హకీంపేట స్పోర్ట్స్ స్కూల్ ప్రకటన కోసం కనిపెట్టి ఉండండి. ఎంపిక మండల స్థాయి నుంచే మొదలవుతుంది. 30 మీటర్ల, 800 మీటర్ల పరుగులు, నిలబడి దూకే లాంగ్ జంప్, షటిల్ రన్, మెడిసిన్ బాల్ విసరడం చూస్తారు. అందులో బంతి విద్యలేవీ అడగరు, అడ్మిషన్‌కు ఫీజులేవీ లేవు. హైస్కూల్ పిల్లలైతే స్కూల్ గేమ్స్, సుబ్రతో కప్, సీఎం కప్ పోటీలు ఉన్నాయి. గెలిచి ఖేలో ఇండియా అథ్లెట్‌గా ఎంపికైతే చేతి ఖర్చులకే నెలకు 10 వేల రూపాయలు వస్తాయి.

పీఈటీ సార్లకు ఒక విన్నపం. ఏఐఎఫ్ఎఫ్ చిన్నపిల్లల లీగ్‌లను పెద్ద క్లబ్బులే కాదు, బడులూ నడుపుకోవచ్చు. ఐదుగురేసి పిల్లలతో చిన్న గ్రౌండ్‌లో ఆడిస్తే ఒక్కొక్కరికీ బంతి ఎక్కువసార్లు అందుతుంది. అప్పాపూర్ చెంచుపెంట పిల్లల్ని కూడా అందులో కలపండి. తల్లిదండ్రులారా, పద్నాలుగేళ్లు వచ్చేదాకా బిడ్డను ఇంటి దగ్గరే ఉంచి, బడి మాన్పించకుండా ఆడించండి. ఎవరైనా ఉచితంగా తీసుకుంటామంటే ముందు వెళ్లి హాస్టల్ చూసి రండి. లక్షలు కట్టమంటే మాత్రం అప్పు చేయకండి, భూమి అమ్మకండి.