పాస్‌వర్డు మార్చుకొమ్మను ఉత్తరము: అసలుదేది, నకిలీయేది?

హైదరాబాదు నగరమునకు పడమటి అంచున ఉన్న గోపన్‌పల్లి నేడు ఎత్తయిన భవనములతో నిండియున్నది. ఒక ప్రక్క హైదరాబాదు విశ్వవిద్యాలయపు విశాలమైన ఆవరణ, మరొక ప్రక్క నల్లగండ్ల, ఇంకొక ప్రక్క నానక్‌రామ్‌గూడ కార్యాలయములు. ఇచ్చటి కుటుంబములలో అనేకులు పగలెల్ల కంప్యూటర్ల ముందు కూర్చుండి పనిచేయువారే. అట్టి ఇంటనైనను ఒక రాత్రి ఇట్లు జరుగవచ్చును. భోజనములైన పిదప ఇంటి యజమాని ఫోను చేతిలోనికి తీసికొనగా ఒక ఈ-మెయిలు కనబడును. “మీ ఖాతా వివరములు బయటపడినవి. 24 గంటలలో పాస్‌వర్డు మార్చుకొననిచో ఖాతా నిలిపివేయబడును. ఇచ్చట నొక్కుడు” అని అందులో ఉండును. క్రింద నీలిరంగు బటను. ఆ సంస్థనుండి ఖాతాదారుల సమాచారము దొంగిలింపబడినదను వార్త ఆ ఉదయమే ఆయన చదివియున్నాడు.

ఇప్పుడాయన ఏమి చేయవలెను? నొక్కినచో దొంగకు తాళపుచెవి అందించినట్లు కావచ్చును. నొక్కకున్నచో సంస్థవారు నిజముగా చేసిన హెచ్చరికను పెడచెవిని పెట్టినట్లు కావచ్చును. ఈ సందిగ్ధమునుండి బయటపడు మార్గమును నేడు విచారింతము. సౌకర్యము కొరకు ఈ-మెయిలును ఉత్తరమనియే వ్యవహరింతము.

ముందుగా, దొంగలకు మన వివరములు ఎట్లు చిక్కును? దీనికి నిదర్శనము గోపన్‌పల్లికి సమీపముననే కలదు. 2023 మార్చి నెలలో సైబరాబాద్ పోలీసులు సుమారు 16 కోట్ల 80 లక్షల మంది పౌరుల వివరములను అమ్ముచున్న ఏడుగురిని అరెస్టు చేసిరి. మరికొలది దినములకే వెల్లడియైన వేరొక కేసులో 66 కోట్ల 90 లక్షల వ్యక్తులకును సంస్థలకును సంబంధించిన సమాచారము ఒకే వ్యక్తివద్ద దొరకినది. 24 రాష్ట్రములకును 8 మహానగరములకును చెందిన ఆ వివరములు 104 తరగతులుగా విభజింపబడి అమ్మకమునకు సిద్ధముగా ఉండెనని పోలీసులు ప్రకటించిరి. 2024లో తెలంగాణ పోలీసుశాఖవారి హాక్ ఐ యాప్ నుండియు వివరములు దొంగిలింపబడగా, ఆ జూన్ నెలలో ఒక యువకుని అరెస్టు చేసిరి.

దీనినిబట్టి మనము గ్రహింపవలసిన మొదటి సంగతి ఇది. ఉత్తరములో మన పేరు, ఫోను నంబరు, చిరునామా తప్పులేకుండ ఉన్నంతమాత్రమున అది అసలు ఉత్తరము కాజాలదు. ఆ వివరములు అంగడి సరకులైనవి. వెనుకటి మోసగాడు చీకటిలో గాలము వేసెడివాడు. నేటివాడు చెరువులో ఏ చేప ఎచ్చటనున్నదో తెలిసికొని వేయుచున్నాడు. ఈ మోసమునకు ఫిషింగ్ అను పేరు చేపలు పట్టుట అను అర్థముగల ఆంగ్లపదమునుండియే పుట్టినది.

అయినచో పాస్‌వర్డు మార్చుకొమ్మను ఉత్తరములన్నియు మోసములేనా? కావు. ఒక సంస్థ సక్రమముగా నడుచుచున్నచో మన పాస్‌వర్డును ఉన్నదున్నట్లుగా దాచుకొనదు. గణితపద్ధతిచేత దానిని తిరిగి విప్పరాని ఒక గుర్తుగా మార్చి, ఆ గుర్తును మాత్రమే భద్రపరచును. అనగా తాళము వారియొద్ద ఉండును, చెవి మనయొద్దనే ఉండును. అందుచేతనే మనము మరచిన పాస్‌వర్డును వారు మనకు చెప్పలేరు. క్రొత్తది పెట్టుకొనుటకు దారి మాత్రమే చూపగలరు. దొంగలు కంప్యూటర్లలో చొరబడినప్పుడు తరచుగా ఈ గుర్తుల పట్టికయే వారికి చిక్కును. వారు కోట్లకొలది పదములను అదే గణితముచేత మార్చి, పట్టికతో పోల్చి, సులభమైన పాస్‌వర్డులను కనుగొందురు. పుట్టినతేదీ, పిల్లల పేరు వంటివి ఎంతోసేపు నిలువవు. అదే పాస్‌వర్డును మనము మరి నాలుగు చోట్ల వాడియున్నచో ఆ నాలుగు తలుపులును తెరచుకొనును. కావున మార్చుకొనుట అవసరమే. ఆ అవసరమును మోసగాండ్రు వాడుకొనుటయే ఇచ్చటి చిక్కు.

నకిలీ ఉత్తరమును గుర్తించుటకు మునుపు భాషాదోషములను చూడుమనెడివారు. నేడు యంత్రములు తప్పులేని ఆంగ్లమును, చక్కని తెలుగును కూడ వ్రాయుచున్నవి. కాబట్టి ఆ గుర్తు పాతబడినది. పంపినవారి పేరును చూచి నమ్ముటయు తగదు. పోస్టు కవరు వెనుక ఎవరైనను ఏ పేరైనను వ్రాయగలిగినట్లే, ఈ ఉత్తరముపైన కూడ కనబడు పేరు వ్రాసినవాని ఇష్టము. చిరునామా ప్రక్కన ఉండు చిన్న తాళము బొమ్మకును అంత విలువ లేదు. దారిలో మన మాటలు పరులు వినలేరని మాత్రమే దాని అర్థము. మాటలాడుచున్నవాడు సజ్జనుడని కాదు.

కొంత విలువగల పరీక్ష ఒకటి కలదు. అది లింకు యొక్క చిరునామాను చదువుట. మన తెలుగువారిలో ఇంటిపేరు ముందు, సొంతపేరు తరువాత వచ్చును. అంతర్జాలములో ఇది తారుమారు. ఇంటిపేరు చివర నుండును. చిరునామా ఆరంభమందలి జంట ఏటవాలు గీతలను విడిచి, తరువాత వచ్చు మొదటి గీతవరకు పోయి, అచ్చటినుండి వెనుకకు చదువవలెను. ఉదాహరణమునకు “లాగిన్.మాబ్యాంకు.కామ్” అనుదానిలో ఇంటిపేరు “మాబ్యాంకు.కామ్”. కాని “మాబ్యాంకు.భద్రతాసేవ.కామ్” అనుదానిలో ఇంటిపేరు “భద్రతాసేవ.కామ్”. ముందున్న “మాబ్యాంకు” అనునది ఎవడైనను తన ఇంటి పిల్లవానికి పెట్టుకొనదగిన ముద్దుపేరు మాత్రమే. ఆ గీత తరువాత వచ్చునదంతయు ఇంటిలోని గదుల పేర్లు. వానికి ప్రామాణ్యము లేదు.

ఈ ఇంటిపేరు విషయమున మన దేశమందు ఒక మంచి ఏర్పాటు జరిగినది. భారతీయ రిజర్వు బ్యాంకు 2025 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశము ప్రకారము, ఆ సంవత్సరము అక్టోబరు 31లోగా బ్యాంకులన్నియు “.బ్యాంక్.ఇన్” అని ముగియు చిరునామాలకు మారవలసియుండెను. ఆ పేర్లను నమోదు చేయు బాధ్యత హైదరాబాదులో మాసబ్‌ట్యాంకువద్దనున్న బ్యాంకింగు సాంకేతిక అభివృద్ధి పరిశోధన సంస్థకు అప్పగింపబడినది. బ్యాంకు కానివారికి ఆ పేరు లభింపదు. కావున బ్యాంకు పేరుతో వచ్చిన లింకు చివర ఆ రెండు మాటలు లేకున్నచో అనుమానింపవలెను.

అయినను ఈ పరీక్షపైననే ఆధారపడరాదు. ఆంగ్లమున “ఎల్” అక్షరమునకు బదులు ఒకటి అంకెను, “ఎమ్” అక్షరమునకు బదులు “ఆర్”, “ఎన్” అక్షరములను ప్రక్కప్రక్కన నుంచినచో, ఫోను తెరపైన ఎంతటి నిపుణునికైనను భేదము తెలియుట కష్టము. అలసియున్నవేళ, భయపడియున్నవేళ మరింత కష్టము.

ఇందుకు ప్రసిద్ధమైన నిదర్శనము అమెరికాలో జరిగినది. 2016 మార్చి 19వ తేదీన హిల్లరీ క్లింటన్ ఎన్నికల ప్రచారమునకు అధ్యక్షుడైన జాన్ పొడెస్టాకు, గూగుల్ సంస్థ వ్రాసినట్లు కనబడు ఒక ఉత్తరము వచ్చినది. మీ పాస్‌వర్డు మరియొకని చేత చిక్కినది, వెంటనే మార్చుకొనుడు అని దాని సారాంశము. కార్యాలయమువారు తొందరపడలేదు. కంప్యూటరు విభాగమునకు పంపి అడిగిరి. ఇది సక్రమమైన ఉత్తరమేనని సమాధానము వచ్చినది. తాను అక్రమమైనదని వ్రాయబోయి పొరపాటున అట్లు వ్రాసితినని ఆ ఉద్యోగి తరువాత చెప్పెను. ఆ సమాధానములోనే గూగుల్ వారి అసలు చిరునామాను కూడ ఆయన ఇచ్చియుండెను. కాని నొక్కబడినది నకిలీ ఉత్తరములోని లింకు. ఆ అక్టోబరులో పొడెస్టా ఉత్తరములు వేలకొలది వికీలీక్స్ ద్వారా లోకమునకు వెల్లడియైనవి.

ఈ కథలో గమనింపదగిన దేమి? ఉత్తరము అసలుదా నకిలీదా యని తేల్చుటలో నిపుణుడే ఒక్క మాటచేత తప్పెను. అయినను అసలు చిరునామాకు పోయి పాస్‌వర్డు మార్చియుండినచో, ఆ తప్పువలన ఏ నష్టమును కలిగెడిది కాదు. అనగా మనలను కాపాడునది ఉత్తరమును గూర్చిన తీర్పు కాదు, మనము పోవు దారి.

ఈ సంగతిని ఒక పెద్దసంస్థ ముందే గ్రహించినది. ఉద్యోగములు వెదకువారందరికిని పరిచితమైన లింక్డ్‌ఇన్ సంస్థనుండి దొంగిలింపబడిన 65 లక్షల పాస్‌వర్డు గుర్తులు 2012 జూన్‌లో బయటపడినవి. ఆ పాస్‌వర్డులను సంస్థ రద్దుచేసి, సభ్యులకు ఉత్తరములు వ్రాయుదుమనియు, ఆ ఉత్తరములలో లింకులేవియు ఉండవనియు ముందుగా ప్రకటించెను. ఆ దినములలోనే లింక్డ్‌ఇన్ పేరుతో నకిలీ ఉత్తరములు సంచరించుచుండెను. అపహరణము ఎంత పెద్దదో పూర్తిగా తెలిసినది నాలుగేండ్ల తరువాత. పోయిన ఖాతాల వివరములు 11 కోట్లకు పైబడినవని 2016లో వెల్లడియైనది.

కావున మన గృహస్థుడు చేయవలసినది ఇంతే. ఉత్తరమును మూసివేయవలెను. అందలి లింకును గాని, ఫోను నంబరును గాని వాడరాదు. తాను ఎప్పుడును వాడు యాప్‌ను తెరచి, లేక తనకు తెలిసిన చిరునామాను తానే టైపుచేసి, ఖాతాలోనికి పోవలెను. సంస్థవారి హెచ్చరిక నిజమైనచో చాలవరకు అచ్చటను కనబడును. కనబడినను కనబడకున్నను పాస్‌వర్డును అచ్చటనే మార్చుకొనవచ్చును. ఉత్తరము అసలుదైనచో దాని పని నెరవేరినది. నకిలీదైనచో దొంగకు ఏమియు దక్కలేదు. రెండు విధములను మనకు నష్టము లేదు. ఒక్క సందర్భమున మాత్రము లింకును వాడక తప్పదు. మనమే “పాస్‌వర్డు మరచితిని” అని నొక్కి, ఆ నిమిషముననే వచ్చిన ఉత్తరమునకు ఈ నిషేధము వర్తింపదు. మనము అడిగినదే మనకు వచ్చినది.

దీనికంటె సూక్ష్మమైన మోసము మరొకటి కలదు. అందులో ఉత్తరము నిజముగా సంస్థ పంపినదే. మోసగాడు సంస్థవారి పేజీలో మన చిరునామాను వ్రాసి “పాస్‌వర్డు మరచితిని” అని నొక్కును. సంస్థ మనకు అసలైన ఉత్తరమునో ఓటీపీనో పంపును. వెంటనే ఫోను మ్రోగును. “అయ్యా, మీ ఖాతాపై దాడి జరుగుచున్నది. ఆపుటకు మీకు వచ్చిన అంకెలు చెప్పండి” అని ఒక మర్యాదగల కంఠము పలుకును. ఆ అంకెలు చెప్పినంతనే ఖాతా అతనిదగును. కావున మనము అడుగని ఓటీపీ వచ్చినచో దానిని ఎవరికిని చెప్పరాదు. ఉత్తరము ద్వారాగాని ఫోను ద్వారాగాని పాత పాస్‌వర్డును, ఓటీపీని, కార్డు పిన్‌ను చెప్పుమని ఏ బ్యాంకును అడుగదు.

ఇంటిలోని ఖాతాలన్నింటిలో ఈ-మెయిలు ఖాతాను మిక్కిలి జాగ్రత్తగా కాపాడుకొనవలెను. అది తాళపుచెవుల గుత్తి ఉంచిన పెట్టె వంటిది. తక్కిన ఖాతాల పాస్‌వర్డులు మార్చు ఉత్తరములన్నియు అచ్చటికే వచ్చును గదా! దానికి వేరెచ్చటను వాడని పొడవైన పాస్‌వర్డును పెట్టి, రెండవ అంచె ధ్రువీకరణమును కూడ ఏర్పరచుకొనవలెను.

పొరపాటున లింకు నొక్కి పాస్‌వర్డు ఇచ్చివేసినచో సిగ్గుపడి దాచరాదు. వెంటనే అసలు ఖాతాలోనికి పోయి పాస్‌వర్డు మార్చి, ఇతర పరికరములన్నిటినుండి ఖాతాను లాగౌట్ చేయవలెను. అదే పాస్‌వర్డు మరెచ్చటనున్నను మార్చవలెను. ధనము పోయినచో బ్యాంకునకు తెలిపి, 1930 నంబరుకు ఫోను చేయవలెను. కేంద్రప్రభుత్వమువారి సైబర్ నేరముల పోర్టల్‌లోను ఫిర్యాదు చేయవచ్చును. ఎంత త్వరగా తెలిపిన, దొంగ తీసికొనకముందే ఆ సొమ్మును నిలుపుటకు అంత అవకాశముండును.

వ్యక్తిగత సమాచారము బయటపడినచో సంబంధించినవారికి సంస్థ తెలియజేయవలెనని 2023లో పార్లమెంటు చట్టము చేసినది. దాని నియమములు 2025 నవంబరులో ప్రకటింపబడినవి. అవి దశలవారీగా అమలులోనికి వచ్చునట్లు ఏర్పరుపబడినవి. కావున ఇట్టి హెచ్చరిక ఉత్తరములు మన ఇండ్లకు ఇకముందు మరింతగా వచ్చును. వాని నీడను నకిలీలును వచ్చును.

కంప్యూటరు విద్య ఎరిగిన కుమారుడు ఇంట ఉన్నాడుగదా యని పెద్దలును, పెద్దలకు ఇవన్నియు తెలియవులే యని పిల్లలును ఊరకుండరాదు. తొందరలో నున్నప్పుడు ఎవరైనను పొరబడుదురు. ఒక సాయంకాలము ఇంటిల్లిపాదియు కూర్చుండి, ఏ ఖాతాకు ఏ దారిన పోవలెనో ఫోనులో సరిచూచుకొని గుర్తుపెట్టుకొన్నచో, ఆ రాత్రి ఉత్తరము వచ్చినప్పుడు ఎవరును కంగారుపడనక్కరలేదు.